డిప్రెషన్‌కు ప్రోబయాటిక్స్: మందుకు తోడా, మందుకు బదులా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు డిప్రెషన్‌తో బాధపడేవాళ్లు చాలామంది ఆ మాట చెప్పుకుంటూ డాక్టరు దగ్గరికి రారు. కడుపు ఉబ్బరంగా ఉంటుందంటారు, గ్యాస్ పైకి తంతుందంటారు, తిన్నది అరగట్లేదంటారు, కాళ్లు చేతులు గుంజుతున్నాయంటారు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టట్లేదన్న సంగతి అడిగితే తప్ప బయటికి రాదు. ఇంట్లోవాళ్లు "ఏదో రంది పెట్టుకున్నడు" అనుకుని ఊరుకుంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ సీసా ఎక్కించి, గ్యాస్ గోలీలు, బలానికి ఒక సూది ఇచ్చి పంపిస్తాడు. ఈమధ్య ఆ గోలీల సరసన బతికున్న మంచి బ్యాక్టీరియా నింపిన ప్రోబయాటిక్ క్యాప్సూల్ కూడా చేరింది. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే డిప్రెషన్ దానంతటదే పోతుందని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. మానసిక వైద్యుడి దగ్గరికి పోవడానికి జంకేవాళ్లకు ఇది తేలిక దారిలా కనిపిస్తోంది.

ఇందులో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో తెలియకపోతేనే ప్రమాదం. ఇప్పటిదాకా మనుషుల మీద జరిగిన పరీక్షలను కలిపి చూస్తే తేలేది ఇది: యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్‌ను తగ్గించే) మందు వాడుతున్నవాళ్లకు అదనంగా కొన్ని రకాల ప్రోబయాటిక్స్ ఇస్తే లక్షణాలు మరికొంత తగ్గవచ్చు. మందు లేకుండా ఒట్టి ప్రోబయాటిక్‌తో డిప్రెషన్ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మొదటి మాట విని రెండోది వదిలేసినవాళ్లు నెలల తరబడి కాలం పోగొట్టుకుంటారు, ఈలోపు జబ్బు ముదురుతుంది.

పేగుల నుంచి మెదడుకు ఉన్న దారులు

పేగుల్లోని బ్యాక్టీరియా మెదడు మీద ప్రభావం చూపే దారులు ప్రధానంగా మూడు. మొదటిది వేగస్ నరం. ఇది మెదడు అడుగు భాగం నుంచి గుండె, కడుపు, పేగుల దాకా దిగుతుంది. దీని పోగుల్లో ఎక్కువ భాగం పేగుల నుంచి మెదడుకే సంకేతాలు మోస్తాయి. రెండోది రోగనిరోధక వ్యవస్థ. పేగు గోడ బలహీనపడితే బ్యాక్టీరియా పైపొర ముక్కలు రక్తంలోకి చేరి, ఒంట్లో సన్నని వాపు స్థితి నెలకొంటుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తపరీక్షలో ఈ వాపు గుర్తులు ఎక్కువగా కనిపిస్తాయి. మూడోది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం, మనసు మీద ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనం తయారయ్యేది దీన్నుంచే.

ఈ మూడో దారి దగ్గరే వీడియోలు ఎక్కువ తప్పుదోవ పట్టిస్తాయి. "శరీరంలో 90 శాతం సెరటోనిన్ పేగుల్లోనే తయారవుతుంది కాబట్టి పేగులు బాగుంటే మెదడుకు సెరటోనిన్ అందుతుంది" అంటారు. మొదటి సగం నిజమే. కానీ పేగుల్లో తయారైన సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు, మధ్యలో ఉండే రక్షణ పొర దాన్ని ఆపేస్తుంది. మెదడు తన సెరటోనిన్‌ను తానే చేసుకోవాలి. అందుకు కావాల్సిన ముడిసరుకు ట్రిప్టోఫాన్ మాత్రం ఆ పొరను దాటగలదు. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ట్రిప్టోఫాన్‌లో ఎక్కువ భాగం కైన్యురెనిన్ అనే వేరే పదార్థం వైపు మళ్లుతుంది. బ్యాక్టీరియా ప్రభావం ఉంటే గింటే ఆ మళ్లింపు దగ్గర ఉంటుంది.

ఆలోచన కొత్తది కాదు. 1910లోనే లండన్‌లో ఒక డాక్టరు తీవ్రమైన విషాద రోగులకు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ఇచ్చి చూశాడు. అయితే పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు (చూడటానికి మందులాగే ఉండి లోపల మందు లేనిది) తీసుకున్న గుంపు లేకపోవడంతో దాన్నుంచి ఏదీ తేలలేదు. అసలు కదలిక 2004లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. బ్యాక్టీరియా అసలే లేకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి మామూలు ఎలుకల కన్నా ఎక్కువగా బెదిరాయి. చిన్న వయసులోనే ఒక రకం బిఫిడోబ్యాక్టీరియాను ఇస్తే ఆ బెదురు సర్దుకుంది. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ పరిశోధకులు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జేబీ-1 అనే స్ట్రెయిన్ (ఒకే జాతి బ్యాక్టీరియాలోని ఉపరకం) ఇచ్చిన ఎలుకల్లో బెంగ తగ్గిందని చూపించారు. వేగస్ నరాన్ని కత్తిరించిన ఎలుకల్లో ఆ ఫలితం కనిపించలేదు. దారి ఏదో అంత స్పష్టంగా తేలడంతో ప్రపంచమంతా ఉత్సాహపడింది.

ఆ తర్వాతి కథను మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. అదే జేబీ-1ను 2017లో 29 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మందు కన్నా ఏమీ ఎక్కువ చేయలేదు. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయాలని లేదు. "ఎలుకల్లో రుజువైంది" అని మొదలయ్యే ప్రతి ప్రకటన పక్కన ఈ ఫలితాన్ని పెట్టుకుని చదవాలి.

మనుషుల మీద తేలిందేమిటి

అన్నింటికన్నా ఎక్కువ నేర్పేవి రెండు పరీక్షలు. రెండింటిలోనూ వాడింది ఒకే జంట: లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ ఆర్0052, బిఫిడోబ్యాక్టీరియం లాంగమ్ ఆర్0175. న్యూజిలాండ్‌లో 2017లో వెలువడిన పరీక్షలో 79 మంది పాల్గొన్నారు. మనసు దిగులుగా ఉందని తామే చెప్పుకున్నవాళ్లు, ఏ మానసిక మందూ వాడనివాళ్లు. 8 వారాల తర్వాత ప్రోబయాటిక్ గుంపుకూ ఉత్తుత్తి పొడి గుంపుకూ తేడా ఏమీ రాలేదు. ఇరాన్‌లో 2019లో వెలువడిన పరీక్షలో 110 మందిని తీసుకున్నారు. వాళ్లంతా అప్పటికే యాంటీడిప్రెసెంట్ వాడుతున్న డిప్రెషన్ రోగులు. అక్కడ 8 వారాలకు ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్ల డిప్రెషన్ స్కోరు ఉత్తుత్తి మందు వాళ్ల కన్నా బాగా దిగింది. ఇరాన్‌లో ఇచ్చిన మోతాదు కూడా ఎక్కువే, కాబట్టి తేడా అంతా పక్కన ఉన్న మందు వల్లేనని ఖాయంగా అనలేం. కానీ తర్వాత వచ్చిన ఫలితాలు కూడా అటే మొగ్గాయి.

2023లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 49 మందిని ఎంచుకున్నారు. మందు వాడుతున్నా పూర్తిగా తేరుకోనివాళ్లు వీళ్లు. 14 స్ట్రెయిన్లు కలిపిన క్యాప్సూళ్లను రోజుకు 4 చొప్పున, మొత్తం 800 కోట్ల బ్యాక్టీరియా, 8 వారాలు ఇచ్చారు. డిప్రెషన్, బెంగ రెండింటి స్కోర్లూ మెరుగయ్యాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2022లో వెలువడిన పరీక్షలో రోజుకు 90,000 కోట్ల భారీ మోతాదును 31 రోజులు ఇచ్చారు. అక్కడా మామూలు చికిత్సకు తోడుగానే, అక్కడా కొంత మేలు. 2022లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి పోషకాలు, మూలికల మీద మార్గదర్శకాలు రాసినప్పుడు ప్రోబయాటిక్స్‌ను ప్రధాన మందుకు అనుబంధంగా మాత్రమే, అదీ తాత్కాలిక స్థాయిలోనే సిఫారసు చేసింది.

పేగుల జబ్బు, దిగులు రెండూ కలిసి ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2017లో ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకంతో వేధించే పేగుల ఇబ్బంది) ఉన్న 44 మందిలో సగంమందికి బిఫిడోబ్యాక్టీరియం లాంగమ్ ఎన్‌సీసీ3001, సగంమందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. 6 వారాలకు ప్రోబయాటిక్ గుంపులో 64 శాతం మందికి డిప్రెషన్ స్కోరు చెప్పుకోదగ్గంత తగ్గింది, ఉత్తుత్తి మందు గుంపులో 32 శాతం మందికి తగ్గింది. ఆ 32 శాతాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. ఉత్తుత్తి పొడి మింగిన ముగ్గురిలో ఒకరు తేరుకున్నారన్నమాట. పక్కింటాయనకు ఏదో క్యాప్సూల్‌తో నయమైందని విన్నప్పుడు ఆయన ఆ ముగ్గురిలో ఒకరై ఉండవచ్చు. మన దేశంలోనూ 2018లో ఐబీఎస్‌తో పాటు డిప్రెషన్ ఉన్న 40 మందిని తీసుకుని, ఒక గుంపుకు బాసిల్లస్ కోయాగులన్స్ ఎంటీసీసీ 5856ను రోజుకు 200 కోట్ల చొప్పున 90 రోజులు ఇచ్చి మంచి ఫలితం చూపించారు. పరీక్ష చిన్నది, చేసినవాళ్లకు ఆ ఉత్పత్తి తయారీ సంస్థతో సంబంధం ఉంది. అంతమాత్రాన కొట్టిపారేయనక్కర్లేదు కానీ, సంబంధం లేని వేరే బృందం పెద్ద గుంపు మీద మళ్లీ చేసి చూపేదాకా ఆగడం న్యాయం.

ఇంకో చిక్కు ఉంది. బెల్జియంలో 1,054 మంది మలాన్ని పరీక్షించి 2019లో వెలువరించిన అధ్యయనంలో డిప్రెషన్ ఉన్నవాళ్ల పేగుల్లో కాప్రోకాకస్, డయలిస్టర్ అనే బ్యాక్టీరియా తక్కువగా కనిపించాయి. మెడికల్ షాపులో దొరికే క్యాప్సూళ్లలో ఈ రెండూ ఉండవు. పైగా దిగులుతో మనిషి తిండి మానేస్తే, ఇంట్లోంచి కదలకుండా కూర్చుంటే పేగుల బ్యాక్టీరియా కూడా మారిపోతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్కసారి తీసిన లెక్కతో తేలదు.

మాత్ర కొనేముందు

దిగులు, నీరసం, నిద్రలేమి అన్నీ డిప్రెషనే కానక్కర్లేదు. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బీ12 లోపించినా అవే లక్షణాలు వస్తాయి. కాబట్టి ముందు చేయించాల్సినవి మూడు పరీక్షలు: రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, బీ12. వీటిలో లోపం ఉంటే ఎన్ని కోట్ల బ్యాక్టీరియా మింగినా నీరసం పోదు.

గ్యాస్ గోలీల సంగతి ఇక్కడే చెప్పాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మందులు పరగడుపున ఒకటి వేసుకోవడం ఊళ్లలో ఏళ్ల తరబడి అలవాటైపోయింది. ఇవి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే ఆహారంలోని బీ12 సరిగ్గా విడివడదు, నోటి నుంచి దిగే బ్యాక్టీరియా చావకుండా పేగుల్లోకి చేరి అక్కడి పొందిక మారుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే బీ12 ఇంకా తగ్గుతుంది. ఒక చేత్తో గ్యాస్ గోలీ, ఇంకో చేత్తో ప్రోబయాటిక్ మింగేవాళ్లు మొదట అడగాల్సింది ఆ గ్యాస్ గోలీ ఇంకా అవసరమా అని. అల్సర్ ఉన్నవాళ్లు, గుండెజబ్బుకు రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవాళ్లు సొంతంగా మానకూడదు, డాక్టరు చెబితేనే మానాలి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వంటి ఫ్లోరైడ్ మండలాల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఒళ్లు నొప్పులు, నీరసం అంటే అది ఫ్లోరోసిసే (నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు దెబ్బతినే జబ్బు) అని తేల్చేస్తారు. ఏళ్లుగా నొప్పి భరించే మనిషికి డిప్రెషన్ రావడం సహజం. నొప్పి ఉందని డిప్రెషన్‌ను చూడకుండా వదిలేయకూడదు.

బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12లో తెలంగాణ లేదు, అయినా ఇక్కడ పరిస్థితి ఎంతో మెరుగ్గా ఉందనుకోవడానికి కారణం కనిపించదు. ఒకప్పుడు ఈ జబ్బుకు ఎర్రగడ్డ పోవాల్సి వచ్చేది, ఆ పేరు చెబితేనే జనం వెనక్కి తగ్గేవాళ్లు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని మానసిక విభాగం అని అడిగితే చాలు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటి మందులు జనరిక్‌లో చవకే. మొదటి 2 వారాల్లో వికారం, విరేచనాలు రావచ్చు, ఫలితం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఈ మొదటి 2 వారాల్లోనే "ఈ గోలీ పడట్లేదు" అని ఆపేసి ప్రోబయాటిక్ వైపు మళ్లుతారు. ఆ తొలి ఇబ్బంది చాలామందిలో తగ్గిపోతుందన్న ఒక్క మాట ముందే చెప్పడం అందుకే ముఖ్యం.

డబ్బా వెనక ఏం చదవాలి

ప్రోబయాటిక్ డబ్బా మీద మూడు భాగాల పేరు ఉండాలి: ప్రజాతి, జాతి, స్ట్రెయిన్ సంఖ్య. లాక్టోబాసిల్లస్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, లేదా స్ట్రెయిన్ సంఖ్య లేకుండా ఉంటే, అది ఏ పరీక్షలో పనిచేసిందో పోల్చి చూసే వీలే లేదు. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ పనిచేసి పక్కది చేయకపోవడం మామూలు. మన షాపుల్లో దొరికే చాలా గోలీల మీద "లాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్" అని ఉంటుంది. అది పాత తప్పు పేరు, లోపల ఉండేది బాసిల్లస్ కోయాగులన్స్. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే గోలీలో అమ్మే "ఎల్‌బీ" రకాలు కూడా ఉన్నాయి. వాటికీ డిప్రెషన్‌కూ సంబంధం లేదు.

తర్వాత చూడాల్సింది సీఎఫ్‌యూ సంఖ్య, అంటే బతికి పెరగగల బ్యాక్టీరియా లెక్క. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం రోజు మోతాదులో కనీసం 10 కోట్లు ఉండాలి. డిప్రెషన్ పరీక్షల్లో వాడింది 200 కోట్ల నుంచి పైకి. కాబట్టి నిబంధనకు సరిపోయిన ప్రతిదీ పరీక్షలకు సరిపోదు. "తయారీ సమయంలో" అని రాసి ఉంటే ఆ సంఖ్య ఫ్యాక్టరీ గేటు దగ్గరిది. "గడువు ముగిసేదాకా" అని ఉంటేనే అది మింగేవాడికి చేరే సంఖ్య. న్యూట్రాస్యూటికల్‌గా, అంటే మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్మే వాటి మీద "వైద్య అవసరానికి కాదు" అన్న అర్థంలో హెచ్చరిక ముద్రించాలన్నది నిబంధన. డిప్రెషన్‌కు మందు అని చెప్పి అమ్ముతున్న డబ్బాను తిప్పి చూస్తే చాలాసార్లు ఆ వాక్యం అక్కడే ఉంటుంది.

ఇక ఎండ. మే నెలలో నల్లగొండలో 43, 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. లాక్టోబాసిల్లస్, బిఫిడోబ్యాక్టీరియా ఎండబెట్టిన పొడి రూపంలో కొంత ఓర్చుకున్నా వేడికీ తేమకూ వేగంగా చస్తాయి. హైదరాబాద్ నుంచి కార్గో పెట్టెలో వచ్చి, రేకుల షెడ్డు కింద రెండు రోజులు పడి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టిన స్ట్రిప్ చల్లగానే ఉంటుంది, లోపల బతికున్నవి ఎన్నో ఎవరూ చెప్పలేరు. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన రకమైతే వేసవిలో కొనకపోవడమే మేలు, లేదా ఐస్ ప్యాక్‌తో పంపే చోట కొనాలి. బాసిల్లస్ కోయాగులన్స్, బాసిల్లస్ క్లాసీ వంటివి గట్టి కవచం కట్టుకుని నిద్రాణంగా ఉంటాయి కాబట్టి మన ఎండకు తట్టుకుంటాయి. కానీ డిప్రెషన్ మీద ఎక్కువ పరీక్షలు జరిగింది మొదటి రకాల మీదే.

ప్రోబయాటిక్ పేగుల్లో స్థిరపడిపోతుందన్నది ఇంకో అపోహ. నాట్లకు వచ్చిన కూలీల్లా పని ఉన్నన్ని రోజులే ఉంటాయి, మింగడం ఆపిన కొద్ది వారాల్లో చాలావరకు వెళ్లిపోతాయి. యాంటీబయాటిక్ కోర్సు వాడేటప్పుడు రెండింటికీ మధ్య 2, 3 గంటల ఎడం పాటించాలి. కోర్సు అయ్యాక "పోయిన బ్యాక్టీరియా తిరిగి రావాలి" అని నెలల తరబడి మింగడం కూడా మంచిది కాకపోవచ్చు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ అధ్యయనంలో, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ మింగినవాళ్ల సొంత పేగు బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఏమీ మింగనివాళ్ల కన్నా ఆలస్యమైంది.

సల్ల, సద్ది, అంబలి

క్యాప్సూల్ కొనలేనివాళ్లు సల్ల (మజ్జిగ) తాగితే సరిపోతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఇంటి పెరుగులో ఏ జాతి బ్యాక్టీరియా ఉందో ఇంటింటికీ మారుతుంది, వాటిని డిప్రెషన్ రోగుల మీద పరీక్షించలేదు. కాబట్టి పెరుగు డిప్రెషన్‌కు మందు కాదు. కానీ పులిసిన ఆహారం పేగులకు చేసే మేలుకు ఆధారం ఉంది. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 36 మంది మీద చేసిన పరీక్షలో 10 వారాలు పులిసిన ఆహారం ఎక్కువగా తిన్నవాళ్లలో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపు గుర్తులు తగ్గాయి. మనసు మీద ఏమైందో చూపిన పరీక్ష కాదిది.

పెరుగు తోడుపెట్టడంలో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ వేడి దగ్గరే. అర లీటరు పాలు కాగాక వేలు పెట్టి ఓర్చుకోగలిగేంత, అంటే 40 నుంచి 43 డిగ్రీలకు దిగనివ్వాలి. అప్పుడు ఒక చెంచా పెరుగు వేసి బాగా కలపాలి. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చి పాలు అలాగే ఉండిపోతాయి. మరీ చల్లారితే గట్టిపడవు. ఎండాకాలం 4, 5 గంటలు చాలు, చలికాలం 8 నుంచి 10 గంటలు. పెరుగు తీగలు సాగుతుంటే తోడులో వేరే బ్యాక్టీరియా చేరిందని అర్థం, తోడు మార్చాలి. తోడుకున్న వెంటనే చల్లటి చోట పెట్టకపోతే పులుపు పెరుగుతూనే పోతుంది.

వండితే బ్యాక్టీరియా చస్తుంది. మజ్జిగ పులుసులో, ఇడ్లీలో, దోశలో బతికున్న బ్యాక్టీరియా ఉండదు. అవి తేలిగ్గా అరుగుతాయి, అంతవరకే. ఆవకాయను ప్రోబయాటిక్ అనడం సరికాదు, దాంట్లో ఉప్పు, నూనె, పులుపు బ్యాక్టీరియాను పెరగనివ్వవు. తైద (రాగి) అంబలి, జొన్న అంబలి పిండిని రాత్రి నానబెట్టి పులియనిచ్చినా పొద్దున్న ఉడికిస్తాం కాబట్టి అవి చస్తాయి. అంబలి గోరువెచ్చగా అయ్యాక సల్ల కలిపితే బతికున్న బ్యాక్టీరియా మళ్లీ చేరుతుంది. సల్ల పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు.

సద్దన్నం విషయంలో జాగ్రత్త కావాలి. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి వెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఆ విషం అసలు పుట్టకుండా చూసేది పులుపు. రాత్రి మిగిలిన అన్నాన్ని గంట, రెండు గంటల్లోపే చల్లార్చి, మునిగేలా నీళ్లు పోసి, రెండు మూడు గరిటెల పుల్లటి సల్ల కలపాలి. లాక్టిక్ ఆమ్లం త్వరగా పెరిగితే చెడు బ్యాక్టీరియాకు చోటు దొరకదు. పొద్దున్నే ఉల్లిగడ్డతో తినేయాలి, మే నెలలో మధ్యాహ్నందాకా ఉంచకూడదు. వాసన తేడాగా ఉన్నా, పైన జిగురు కనిపించినా పారబోయడమే.

బ్యాక్టీరియాను బయటి నుంచి వేయడం కన్నా లోపల ఉన్నవాటికి తిండి పెట్టడం ముఖ్యం. వాటి తిండి పీచు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, జొన్నల్లో 10 గ్రాములు, తైదల్లో 11 గ్రాములు, కందిపప్పులో 9 గ్రాములు. పాలమూరులో జొన్న రొట్టె, గట్క రోజువారీ తిండిగా ఉన్న ఇళ్లు మూడు పూటలా అన్నానికి మారినప్పుడు ధాన్యం నుంచి పేగుల్లో చేరే పీచు మూడో వంతు లోపుకు పడిపోతుంది. పీచును పులియబెట్టి బ్యాక్టీరియా చేసే బ్యూటిరేట్ పేగు గోడ కణాలకు ప్రధాన ఇంధనం. రోజుకు ఒక పూట రొట్టె, ఒక కప్పు ఉడికించిన అలసందలో ఉలవలో, పుంటికూరో పాలకూరో, గుప్పెడు పల్లీలు: క్యాప్సూల్ ఖర్చు కన్నా తక్కువకే అవుతుంది. పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది, వారానికి కొంత చొప్పున పెంచుతూ నీళ్లు ఎక్కువ తాగాలి. ఆస్ట్రేలియాలో 2017లో డిప్రెషన్ ఉన్న 67 మంది మీద జరిగిన పరీక్షలో, పప్పులు, కూరగాయలు, తృణధాన్యాలు ఎక్కువగా ఉన్న భోజనానికి మారినవాళ్లలో 12 వారాలకు 32 శాతం మంది కోలుకున్నారు, మరో గుంపులో 8 శాతం. అక్కడ కూడా చాలామంది మందులు వాడుతూనే ఆహారం మార్చుకున్నారు.

కల్లు సంగతి

"కల్లు కూడా పులిసినదే, దాంట్లోనూ బ్యాక్టీరియా ఉంటుంది" అన్న మాట ఈ జిల్లాల్లో తరచూ వినిపిస్తుంది. తాటి, ఈత కల్లులో ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియా ఉన్న మాట నిజమే. దాంతోపాటు మద్యం ఉంటుంది, మద్యం డిప్రెషన్‌ను పెంచుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం కల్తీ. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలిపిన కల్లు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో పాత గోస. తాగితే రంది తగ్గినట్టే ఉంటుంది, నిద్ర పడుతుంది. నెలల తరబడి తాగిన మనిషికి ఒక్కరోజు అది దొరక్కపోతే చేతులు వణుకుతాయి, బుగులు పుడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఫిట్స్ రావచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకిందనో పిచ్చి ఎక్కిందనో అనుకుంటారు. అలాంటి మనిషిని సొంతంగా మాన్పించవద్దు, ఆసుపత్రిలో చేర్చి మెల్లగా మోతాదు తగ్గించాలి. ఇది తేలకుండా డిప్రెషన్ చికిత్స మొదలుపెట్టినా ఫలితం రాదు కాబట్టి కల్లు అలవాటును డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఎవరికి వద్దు

ఆరోగ్యవంతులకు ప్రోబయాటిక్ వల్ల మొదటి వారంలో కొంత ఉబ్బరం, గ్యాస్ తప్ప పెద్ద హాని ఉండదు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, మెడ దగ్గర పెద్ద సిరలో గొట్టం ఉన్నవాళ్లు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, తీవ్రమైన పాంక్రియాస్ వాపు ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. నెదర్లాండ్స్‌లో 2008లో వెలువడిన పరీక్షలో తీవ్ర పాంక్రియాస్ వాపు రోగులకు ప్రోబయాటిక్ ఇస్తే 16 శాతం మంది చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 6 శాతం. బ్యాక్టీరియా మంచిదే కదా, ఎవరికైనా ఏం చేస్తుందన్న ధీమాకు ఇదే జవాబు.

8 వారాల లెక్క

మందు కనీసం 6 వారాలు సరైన మోతాదులో వాడినా కొంతే తేరుకున్నవాళ్లు, కడుపు ఇబ్బంది కూడా ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పి ప్రోబయాటిక్ ప్రయత్నించవచ్చు. మొదలుపెట్టే రోజు డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నింపాలి. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 లేదా అంతకు మించితే కనీసం మధ్యస్థం, 20 లేదా అంతకు మించితే తీవ్రం. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి 0 కాకుండా ఏ సంఖ్య వచ్చినా ప్రోబయాటిక్ మాట పక్కనపెట్టి అదే రోజు డాక్టరును కలవాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రి కూడా పనిచేస్తుంది. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఆ రోజే తాళం వేసిన చోటికో పక్కవాళ్ల ఇంటికో చేర్చాలి. పత్తి సాగుచేసే ఇళ్లలో ఇది మందు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

స్కోరు రాసుకున్నాక స్ట్రెయిన్ సంఖ్య, సీఎఫ్‌యూ ఉన్న ఒకే ఒక్క ఉత్పత్తి ఎంచుకోవాలి. భోజనంతో పాటు లేదా కొంచెం ముందు, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, వేడివేడి పాలతో కాదు. యాంటీడిప్రెసెంట్ మోతాదు ఆ 8 వారాలు మార్చకుండా ఉంటే దేనివల్ల ఏమైందో తెలుస్తుంది. గోలీ 30 రూపాయలైతే 56 రోజులకు 1,680 రూపాయలు. కూలికి పోయే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, కాబట్టి కొలత లేకుండా ఖర్చు పెట్టొద్దు. నాలుగో వారం చివర ఒకసారి, ఎనిమిదో వారం చివర ఒకసారి అదే ప్రశ్నావళి నింపాలి. 5 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ తగ్గితే మార్పు లెక్కలోకి వస్తుంది. ఒకటి రెండు పాయింట్లు మామూలు ఊగిసలాటే.

8 వారాలకు మార్పు లేకపోతే ప్రోబయాటిక్ ఆపేయాలి, ఇంకో బ్రాండ్ కోసం వెతకొద్దు. ఆపడానికి మోతాదు తగ్గించుకుంటూ రావాల్సిన పని లేదు. యాంటీడిప్రెసెంట్ సంగతి అలా కాదు. దాన్ని ఒక్కసారిగా ఆపితే తలతిరగడం, చిరాకు, కరెంటు షాక్ కొట్టినట్టు జలదరింపులు వస్తాయి. బాగున్నాక కూడా కనీసం 6 నుంచి 9 నెలలు కొనసాగించి, ఆపాల్సిన వేళ వచ్చినప్పుడు డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి.